స్టూడియోలో తొలిసారి మోడల్‌ను ఫోటో తీయబోయే ముందు

హెచ్‌-1బి వీసా మీద న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చి ఏడాది కూడా నిండని ఒక మిత్రుడు ఇలా అడిగారు: "హైదరాబాదులో ఉండగా స్నేహితుల పెళ్లిళ్లలోను, సాయంత్రం వేళ ట్యాంక్‌బండ్ మీద ఫోటోలు తీసేవాణ్ణి. ఇక్కడ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో గంటల లెక్కన స్టూడియోలు అద్దెకు ఇస్తారని, మోడళ్లు కూడా దొరుకుతారని విన్నాను. ఏమేం తెలుసుకుని వెళ్లాలి? మోడల్‌కు నేను డబ్బు ఇవ్వాలా? రేపు ఎవరైనా నాకు డబ్బిచ్చి తీయమంటే తీయవచ్చా?"

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా పొరపాట్లు ఫోటోను చెడగొడతాయి గాని ఇది వీసాకే ముప్పు తెస్తుంది. హెచ్‌-1బి మీద ఉన్నవారు తమ కోసం పిటిషన్ వేసిన కంపెనీలో, ఆ పిటిషన్‌లో చూపిన పనికి మాత్రమే జీతం తీసుకోవాలి. మీ సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని సరదాగా ఫోటోలు తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ తెలిసినవారి అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఫోటోలు తీసి, వారు వెన్మో అనే ఫోన్ యాప్‌లో పంపిన డబ్బో, కవరులో పెట్టి చేతికిచ్చిన డబ్బో తీసుకున్నారంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందికే వస్తుంది. ఎఫ్‌-1 విద్యార్థులకూ ఇంతే. ఓపీటీలో, అంటే చదువుకు అనుబంధంగా దొరికే పని అనుమతిలో, ఉన్నా చేసే పని చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి. హెచ్‌-4 (హెచ్‌-1బి వారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికి వచ్చినవారు మాత్రం సొంతంగా ఫోటోగ్రఫీ వ్యాపారం పెట్టుకోవచ్చు. మీ పరిస్థితిలో ఏ చిన్న మెలిక ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు.

ఇక మోడల్‌కు డబ్బు ఇవ్వాలా అన్నది. ఇక్కడ టీఎఫ్‌పీ అనే పద్ధతి ఉంది: మోడల్ తన సమయం ఇస్తుంది, మీరు ఫోటోలు ఇస్తారు, డబ్బు చేతులు మారదు. కొత్తవారు చాలామంది దీనితోనే మొదలుపెడతారు. నేను మాత్రం తొలిసారి అనుభవమున్న మోడల్‌ను డబ్బిచ్చి పిలవమనే అంటాను. ఇద్దరూ కొత్తవాళ్లయితే ఒకరి తడబాటు మరొకరికి అంటుకుంటుంది. అనుభవమున్న మనిషి ఎదురుగా ఉంటే మీ తప్పును ఆవిడే పట్టుకుంటుంది. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

2011 ఫిబ్రవరిలో ఒక పాత ఫ్యాక్టరీ భవనం నాలుగో అంతస్తులో రెండు గంటలకు స్టూడియో తీసుకున్నాను. లైట్లు అమర్చడానికీ చివర్లో సర్దడానికీ పట్టే సమయం కూడా ఆ రెండు గంటల్లోనే లెక్క అని అక్కడికి వెళ్లాకే తెలిసింది. అరగంట లైటు స్టాండుతోనే గడిచిపోయింది. తీరా తీయడం మొదలుపెడితే ప్రతి ఫోటోలోనూ కింది భాగం నల్లగా, ఎవరో అడ్డంగా తార్రోడ్డు వేసినట్టు వస్తోంది. లెన్సు మార్చాను, కార్డు మార్చాను, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. నేను డబ్బిచ్చి పిలిచిన మోడల్ అమ్మాయి స్టూలు మీద కూర్చుని కాసేపు ఓపికగా చూసి, చివరికి లేచి వచ్చి కెమెరా వెనక తెర మీదికి తొంగిచూసి, "మీ షట్టర్ చాలా వేగంగా ఉంది, 160కి దించండి" అంది. దించాను. నల్ల పట్టీ మాయమైంది. బయట ఎండలో తీసే అలవాటు కొద్దీ నేను సెకనులో 500వ వంతు దగ్గర పెట్టి ఉంచానన్నమాట; ఆ అమ్మాయి చెప్పిన 160 అంటే సెకనులో 160వ వంతు.

దీనికి కారణం తెలుసుకుంటే మళ్లీ మర్చిపోరు. మామూలు షట్టర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతే రెండోది మూసుకుంటూ వెంట వస్తుంది. సెకనులో 200వ వంతో 250వ వంతో, కెమెరాను బట్టి ఒక హద్దు ఉంటుంది. దాన్ని దాటితే సెన్సర్ (వెలుగును ఫోటోగా పట్టే పలక) మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే ఉండదు, ఒక సందు మాత్రం దాని మీదుగా జరిగిపోతుంది. స్టూడియో లైటు ఒక ఫ్లాష్, అది మెరిసేది అంతకంటే ఎంతో తక్కువ సేపు కాబట్టి ఆ క్షణంలో తెరిచి ఉన్న మేర వరకే వెలుగు పడుతుంది. అందుకని 160 దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, అపెర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్‌8తో మొదలుపెట్టండి. వెలుగు పెంచాలన్నా తగ్గించాలన్నా ఫ్లాష్ పవర్‌నే మార్చండి. స్టూడియోలో షట్టర్ స్పీడు గది వెలుతురును మాత్రమే అదుపు చేస్తుంది, ఫ్లాష్ వెలుగును ముట్టుకోదు.

మీ చేతిలో ఉన్నది మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది) అయితే మరో రెండు చిక్కులున్నాయి. పైన చెప్పిన సెట్టింగులు పెట్టగానే వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే చిన్న తెర) చీకటైపోతుంది, ఎందుకంటే ఫ్లాష్ వెలగబోతోందన్న సంగతి చాలా కెమెరాలకు ముందుగా తెలియదు, ఉన్న గది వెలుతురులో ఫోటో ఎలా వస్తుందో అదే చూపిస్తుంది. సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లే అన్న చోటికి వెళ్లి సెట్టింగ్ ఎఫెక్ట్‌ను ఆఫ్ చేయాలి. కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ అనే పేరుతో ఉంటుంది. రెండోది సైలెంట్ షట్టర్. గుళ్లోనో, పిల్లవాడు నిద్రపోతుంటేనో చప్పుడు కాకూడదని దాన్ని ఆన్ చేసి మర్చిపోతాం. ఆ పద్ధతిలో చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు. ఈ రెండూ ముందురోజు రాత్రి ఇంట్లోనే చూసుకోండి.

స్టూడియో బుక్ చేసేటప్పుడు ఫోటోలు చూసి మురిసిపోకుండా రెండు సంగతులు అడగండి. మొదటిది, వారి లైట్లకు మీ కెమెరాతో పనిచేసే ట్రిగ్గర్ (షట్టర్ నొక్కగానే ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) ఉందా అని. కెనాన్‌కు ఒకటి, సోనీకి ఒకటి, నికాన్‌కు ఒకటి వేరువేరుగా ఉంటాయి. రెండోది గది పొడవు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి మనిషిని నిలువెత్తున, పైనా కిందా కాస్త చోటు వదిలి తీయాలంటే దాదాపు 17 అడుగుల దూరం కావాలి. మోడల్‌కూ వెనక వేలాడదీసే కాగితానికీ మధ్య ఆరడుగులు, మీ వీపుకూ గోడకూ మధ్య రెండడుగులు వేసుకుంటే 25 అడుగుల గది ఉండాలి. అదే 50 మిల్లీమీటర్ల లెన్సయితే పది అడుగుల దూరం చాలు. చిన్న గదిలో 85 పట్టుకెళితే ముఖాలూ భుజాలూ తప్ప మరేమీ దక్కవు. ఇండియా నుంచి స్టూడియో లైట్లు తెచ్చుకున్నవారు దాని వెనక అంటించిన చీటీ చదవండి. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 220 నుంచి 240 వరకే అని రాసి ఉంటే అది ఇక్కడ అక్కరకు రాదు.

ఉన్నాయి కదా అని నాలుగు లైట్లూ వెలిగించవద్దు. ఒక్క లైటు, దానికి పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె), ఎదురుగా ఒక తెల్ల థర్మాకోల్ అట్ట ఉంటే తొలిరోజుకు ఎక్కువే. లైటు దూరం రెట్టింపు అయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మోడల్‌కు మూడడుగుల్లో లైటు పెట్టారనుకోండి, ఆ లైటుకు తొమ్మిది అడుగుల దూరంలో ఉన్న తెల్ల కాగితం మీద పడేది తొమ్మిదో వంతు వెలుగే; అది ఫోటోలో ముదురు బూడిద రంగులో వస్తుంది. నేను ఆ రోజు కాగితం మాసిపోయి ఉందనుకుని స్టూడియో వారిని మార్చమని అడగబోయాను.

మన వాళ్లను తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పట్టుచీర జరీ, కాసులపేరు, నూనె రాసి దువ్విన జడ, ఇవన్నీ చిన్న లైటు పడితే అక్కడక్కడా తెల్లని మచ్చలుగా పేలిపోతాయి. లైటు ఎంత పెద్దదిగా, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే అంత మెత్తగా పరుచుకుంటుంది. ముఖం మీద మెరుపు ఉంటే మామూలు టిష్యూతో అద్దుకోమనండి, పౌడరు మీద పౌడరు వద్దు. చామనఛాయ ముఖాన్ని ఎక్స్‌పోజర్ పెంచేసి తెల్లగా చూపడం, తర్వాత కంప్యూటర్‌లో ఇంకా తెల్లబరచడం మన ఊళ్ల ఫోటో స్టూడియోలు నేర్పిన దురలవాటు. ఒక బూడిద రంగు కార్డును మోడల్ చేతికిచ్చి మొదట ఒక ఫోటో తీసుకుని, దాన్ని బట్టి తర్వాత రంగులు సరిచేస్తే ఒంటిరంగు ఉన్నదున్నట్టు వస్తుంది.

ఇంత చెప్పినా, యంత్రాల సంగతి ఒక వారంలో నేర్చుకోవచ్చు. మనవాళ్లు అసలు తడబడేది మాట దగ్గర. మనకు శ్రద్ధగా పని చేయడమంటే మౌనంగా చేయడం. ఆ రోజు నల్ల పట్టీ పోయాక నేను ఉత్సాహంగా పావుగంట సేపు ఒక్క మాటా లేకుండా తీస్తూ పోయాను. తెర చూసుకుంటున్నప్పుడు ఇంకో నల్ల పట్టీ ఉందేమోనని కనుబొమలు ముడిపడేవి కూడా. ఆ అమ్మాయి ముఖం క్రమంగా బిగుసుకుపోయింది, చివరికి, "బాగా రావడం లేదా?" అని అడిగింది. ఎంతో బాగా వస్తున్నాయని చెప్పి తెర చూపించాను. తర్వాతి పది నిమిషాల్లో తీసినవే ఆ రోజు తీసిన నాలుగు వందల్లో నేను ఇప్పటికీ దాచుకున్న ఆరు ఫోటోలు. మోడల్‌కు మీ కళ్లు కనిపించవు, కెమెరా అడ్డుగా ఉంటుంది. మీ గొంతే ఆవిడకు అద్దం. "గడ్డం కొద్దిగా దించండి, అంతే, అలాగే ఉండండి" లాంటి చిన్న మాటలు చాలు, ఇంగ్లీషు యాస గురించి బెంగ పడవద్దు. కుడి, ఎడమ అని చెప్పేటప్పుడు ఆవిడ కుడి చేతినే కుడి అనండి, లేదా "కిటికీ వైపు" అనండి. భంగిమను మీ ఒంటితో చేసి చూపించండి, కొంచెం నవ్వులాటగా ఉన్నా పరవాలేదు. వెంట్రుక పక్కకు తీయాలన్నా, కొంగు సర్దాలన్నా మీరు చేయి వేయకూడదు. చెప్పండి, ఆవిడే సర్దుకుంటుంది. తోడుగా ఎవరినైనా తెచ్చుకుంటానంటే సంతోషంగా ఒప్పుకోండి, ఆ తోడు మనిషికి కూడా ఒక కుర్చీ వేయించండి.

కాగితం పని లైటు వెలిగించక ముందే పూర్తి కావాలి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఎన్ని ఫోటోలు ఎప్పటిలోగా ఇస్తారు, ఎక్కడెక్కడ వాడతారు అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. మీరు తీసిన ఫోటో మీద కాపీరైటు సాధారణంగా మీదే. అంతమాత్రాన ఆ ముఖాన్ని వ్యాపారానికి వాడే హక్కు మీకు రాదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక వ్యక్తి రూపాన్ని ప్రకటనలకో వ్యాపారానికో వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలన్న చట్టం 1903 నుంచే ఉంది. మైనర్లయితే సంతకం తల్లిదో తండ్రిదో గార్డియన్‌దో కావాలి. అంతే కాదు, 18 ఏళ్లలోపు మోడళ్లను ఆ రాష్ట్రం 2013 నుంచి బాలనటులతో సమానంగా చూస్తోంది, వారికి పర్మిట్లు అవసరం. కాబట్టి మొదట్లో పెద్దవారినే పిలవండి.

చివరి ఇరవై నిమిషాలు సర్దడానికి వదలండి. తెల్లగా గుండ్రంగా తిప్పి కట్టిన గోడ ఉన్న స్టూడియోలో చెప్పుల మరకలు పడితే మళ్లీ రంగు వేయించే ఖర్చు మీ బిల్లులో చేరుతుంది. కాగితం మీద నడిస్తే మాసిన మేర కత్తిరించి అడుగుల లెక్కన తీసుకునేవారున్నారు. స్టాండు కాలి మీద పెట్టిన ఇసుక సంచిని లైటు కిందికి దించాకే తీయండి. ఇంటికి వెళ్లగానే కార్డులోవి రెండు చోట్ల కాపీ చేసి, మాట ఇచ్చిన తేదీ కంటే ఒకరోజు ముందే మోడల్‌కు ఫోటోలు పంపండి. నేను ఆ తొలిసారి పది రోజులని చెప్పి నెల తర్వాత పంపాను. రెండోసారి పిలిస్తే ఆ అమ్మాయి ఖాళీ లేదని మర్యాదగా రాసింది.