మొదటి చలికాలం దాటనివ్వండి

ప్రశ్న: మా అభిమాన ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ దక్షిణ అమెరికా నుంచి 19 ఏళ్ల వింగర్‌ను (మైదానం అంచు వెంబడి దాడి చేసే ఆటగాడిని) బోలెడు డబ్బు పోసి తెచ్చుకుంది. అక్కడ ముగ్గురు నలుగురిని సునాయాసంగా దాటేసిన కుర్రాడు ఇంగ్లండ్‌లో భుజం తగిలితే చాలు, కింద పడుతున్నాడు. ఆర్నెల్లలో ఒకే గోల్. కోచ్ బెంచ్ మీదే కూర్చోబెడుతున్నాడు. కామెంటేటర్లు అప్పుడే ఫ్లాప్ అంటున్నారు. నిజంగా సత్తా లేదంటారా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఆర్నెల్లకే ఆ మాట అనకండి. 2003 ఆగస్టులో 18 ఏళ్ల క్రిస్టియానో రొనాల్డో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున బోల్టన్ మీద దిగిన మొదటి మ్యాచ్ నేను టీవీలో చూశాను. ఆడింది అరగంటే అయినా స్టేడియం మొత్తాన్ని లేపి నిలబెట్టాడు. తీరా ఆ సీజన్ లీగ్‌లో కొట్టిన గోల్స్ నాలుగే. అక్కర్లేని చోట కాళ్లు తిప్పుతాడని, ఇవ్వాల్సినప్పుడు పాస్ ఇవ్వడని, ఊరికే పడిపోతాడని ఎన్ని మాటలు పడ్డాడో! లీగ్‌లో 31 గోల్స్ కొట్టిన సీజన్ 2007-08లో గానీ రాలేదు. థియరీ ఆన్రీ కూడా 1999లో లండన్ క్లబ్ ఆర్సెనల్‌కు వచ్చాక మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గోల్ కొట్టలేదు. అదే సీజన్ ముగిసేసరికి 26 కొట్టాడు.

మీ కుర్రాడు పడిపోవడానికి కారణం ఉంది. వేరే లీగుల్లో ఫౌల్ అయ్యే తోపులాటకు ఇంగ్లండ్‌లో చాలాసార్లు రిఫరీ విజిల్ ఊదడు. పడ్డవాడు లేచి చూసేలోపు బంతి అవతలి పెనాల్టీ బాక్స్‌లో ఉంటుంది. లీగ్ మ్యాచ్‌లే 38, వాటికి తోడు ఎఫ్ఏ కప్, లీగ్ కప్ అనే నాకౌట్ టోర్నీలు. చాలా దేశాల్లో ఆటగాళ్లు క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లిపోతారు. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ రోజుల్లోనే మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి.

అయినా నన్నడిగితే, అసలు కష్టం మైదానం బయట ఉంది. నేను మాంచెస్టర్‌లో రెండేళ్లు చదువుకున్నాను. మొదటి నవంబర్ ఇప్పటికీ గుర్తే. సాయంత్రం నాలుగు దాటితే చీకటి, రోజుల తరబడి ముసురు. అంతవరకూ ఇంగ్లీషులోనే చదివిన నాకు బస్సు డ్రైవర్ యాస అర్థం కావడానికే రెండు నెలలు పట్టింది. ఆ భాషే రాని 19 ఏళ్ల పిల్లాడి సంగతి ఆలోచించండి. వెనక నుంచి సహచరుడు ‘మ్యాన్ ఆన్’ అని అరుస్తాడు. అంటే ఒకడు నీ మీదకు వస్తున్నాడు, జాగ్రత్త అని. అది బుర్రకెక్కేలోపు కాళ్ల దగ్గర బంతి ఉండదు. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం అది ఆట రానట్టే కనిపిస్తుంది.

హోసే ఆంటోనియో రెయెస్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. 2004 జనవరిలో స్పెయిన్ క్లబ్ సెవియా నుంచి 20 ఏళ్ల వయసులో ఆర్సెనల్‌కు వచ్చాడు. కొద్ది వారాలకే ఎఫ్ఏ కప్‌లో చెల్సీ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆట ఉంది, కానీ ఇంటి మీద బెంగ పోలేదు. 2006లో స్పెయిన్ వెళ్లిపోయాడు. తర్వాత అక్కడి క్లబ్బులతో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్ ఐదుసార్లు గెలిచాడు. అలాంటివాడిని ఫ్లాప్ అని ఎలా అంటాం?

ఆ ఆర్సెనల్‌కే 2003లో 16 ఏళ్ల సెస్క్ ఫాబ్రెగాస్ వచ్చాడు. క్లబ్ అతన్ని ఒక ఇంటావిడ దగ్గర పెట్టింది. అక్కడివాళ్లు ఇలాంటి బసను ‘డిగ్స్’ అంటారు. అదే ఇంట్లో తోటి కుర్రాడు ఫిలిప్ సెండెరోస్ కూడా ఉండేవాడు. వేళకు భోజనం, మాట్లాడేందుకు మనుషులు. 16 ఏళ్ల 177 రోజులకే మొదటి జట్టులో ఆడాడు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి 18 నిండనివాళ్లను ఇంగ్లిష్ క్లబ్బులు విదేశాల నుంచి తెచ్చుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఇప్పుడు వచ్చేవాళ్లు పెద్ద జీతంతో, పెద్ద ఫ్లాట్‌లో, ఒంటరిగా దిగే ప్రమాదం ఎక్కువ. అమ్మో, అన్నో ఏడాదిపాటు వచ్చి ఉంటే ఏ కోచింగ్ కన్నా అదే మేలని నా గట్టి నమ్మకం.

గోల్స్ లెక్క కాసేపు పక్కన పెట్టండి. బంతిని ఇంతకుముందు కంటే ఒక టచ్ ముందుగా వదులుతున్నాడా, తన వైపు అంచున కాపలా కాసే ఫుల్‌బ్యాక్‌కు సాయంగా వెనక్కి పరిగెత్తుతున్నాడా చూడండి. ఈ రెండూ కనిపిస్తే కోచ్‌కూ కనిపిస్తాయి. సీజన్ అయ్యాక మళ్లీ రాయండి, అతనెలా ఉన్నాడో నాకూ తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: మన దేశం నుంచి ఎవరైనా ఇంగ్లండ్‌లో ఆడారా?

జవాబు: బైచుంగ్ భూటియా ఆడాడు. 1999లో 22 ఏళ్లప్పుడు బరీ అనే క్లబ్‌లో చేరాడు. అప్పట్లో అది మూడో అంచె జట్టు. అక్టోబర్ 3న కార్డిఫ్ సిటీ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. మోకాలి గాయం వెనక్కి లాగినా 2002 దాకా అక్కడే ఉన్నాడు.