గేరు పడలేదంటే రాడ్డు మీద బలం చూపించొద్దు

ప్రశ్న: అన్నా నమస్తే. నాలుగేళ్లు క్లీనర్‌గా తిరిగి ఇప్పుడు హెవీ లైసెన్స్ తీసుకుని ట్రైలర్ నేర్చుకుంటా ఉండాను. తొమ్మిది గేర్ల బండి. ఖాళీగా ఉంటే బాగానే పోతాది, లోడు మీద చిత్తూరు నుంచి వస్తా మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం అయిదు నుంచి నాలుగుకి దించాలంటే గేరు పడదు, కరకరా అంటాది, ఈలోపు బండి నిలబడిపోతాది. ఎనకాల హారన్లు కొడతా ఉంటే చేతులు వణుకుతాయి. మా గురువు అరుస్తాడు గానీ ఏం చెయ్యాలో చెప్పడు. (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిన అయిదు-నాలుగు దగ్గరే ఆ బాక్సులో కొత్తోళ్లందరికీ తిప్పలు. అన్నిటికంటే కింద ఉండే క్రాలర్ గేరుని పక్కన పెడితే ఒకటి నుంచి నాలుగు దాకా లో సైడు, అయిదు నుంచి ఎనిమిది దాకా హై సైడు, నిజానికి మెయిన్ బాక్సులో ఉండేది నాలుగు గేర్లే, వెనకాల ఉండే రేంజ్ అనే చిన్న గేరుపెట్టె వాటినే రెండోసారి వాడుకుంటాది. అంటే నువ్వు అయిదు నుంచి నాలుగుకి వచ్చేటప్పుడు రెండు పనులు ఒకేసారి జరగాల, రాడ్డు మొదటి గేరు వరస నుంచి నాలుగో గేరు వరసకి రావాల, వెనకాల రేంజ్ హై నుంచి లోకి పడాల. ఆ రేంజ్‌ని మార్చేది నీ చెయ్యి కాదు, గాలి. కొన్ని బండ్లలో న్యూట్రల్‌లో రాడ్డుని పక్కకి ఒక తోపు తోస్తే మారతాది, కొన్నింట్లో రాడ్డు మీదే స్విచ్ ఉంటాది, ఏదైనా సరే గాలి పని చేసేదానికి న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగాల. నువ్వు కంగారులో ఆ క్షణం ఇవ్వకుండా నెడతా ఉంటావు, అందుకే కరకర. గాలి మీటర్ కూడా చూస్కో, ఎక్కడైనా లీకుండి ప్రెషర్ తక్కువుంటే నువ్వెంత తోసినా రేంజ్ మారదు.

ఇంక అసలు సంగతి, నువ్వు దించడం ఆలస్యం చేస్తా ఉండావు. ఇంజన్ మూలిగేదాకా అయిదులోనే లాగి అప్పుడు క్లచ్ తొక్కితే, గేరు మారే లోపే లోడు బండిని వెనక్కి గుంజేస్తాది, నాలుగుకి సరిపోయే స్పీడు కూడా మిగలదు. ఆర్పీఎం ముల్లు పచ్చ గీతలో ఇంకా పైన ఉండగానే దించాల. ఎక్కుడు ముందర కనిపిస్తానే ఉంటాది కదా, మొదలయ్యే చోటే నాలుగులోకి వచ్చేస్తే మధ్యలో ఆ కష్టమైన మార్పు చెయ్యాల్సిన పనే ఉండదు. ఒకవేళ ఆలస్యమైపోతే నాలుగు కోసం కొట్లాడొద్దు, నేరుగా మూడుకి రా.

చేతి సంగతి కూడా చెప్తా. కొత్తోళ్లు రాడ్డుని గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు, అప్పుడు లోపల ఏం జరగతా ఉందో చేతికి తెలీదు. అరచెయ్యి తెరిచి మీద ఆనించి నెట్టు, గేరు రెడీ అయినప్పుడు రాడ్డు తనంతట తనే లోపలికి లాక్కున్నట్టు పోతాది. దించేటప్పుడు డబుల్ క్లచ్ అలవాటు చేస్కో, క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఒకసారి రేస్, మళ్లా క్లచ్ తొక్కి గేరు. గేర్ల వేగాన్ని తనే కలిపే సింక్రో రింగులు ఉండే బాక్సుకి ఇది తప్పనిసరేం కాదు గానీ రింగులు అరిగిన పాత బండిలో ఇది లేకుండా కుదరదు. ఇంజన్ ఆపేసి, పార్కింగ్ బ్రేకు వేసి, రాడ్డు చూడకుండా వరసలన్నీ చేతికి వచ్చేదాకా తిప్పు. హారన్లు కొట్టేవాళ్లని కొట్టనీ, బండి నిలబడిపోతే పార్కింగ్ బ్రేకు వేసి, క్రాలర్ వేసి, ఇంజన్ పట్టిందని తెలిసినాక బ్రేకు వదులు, ఏటవాలు తగ్గేదాకా గేరు మార్చొద్దు.

నువ్వు అడగలేదు గానీ నాకు భయం నువ్వు ఎక్కేదాని గురించి కాదు, పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగేదాని గురించి. మొగిలి అయినా భాకరాపేట అయినా దిగుడు మొదలవ్వకముందే, పైనే, తక్కువ గేరులోకి వచ్చేయాల. సగం దిగినాక దించుదామని న్యూట్రల్ చేసినావనుకో, బండి జోరందుకుంటాది, ఇంక ఏ గేరూ పడదు. ఇంజన్ పొగదారి మూసి బండిని నిదానం చేసే ఎగ్జాస్ట్ బ్రేకు, బండి గేరులో ఉంటేనే పని చేస్తాది. అప్పుడు మిగిలేది కాలి బ్రేకు ఒక్కటే, దాన్ని అదేపనిగా తొక్కితే డ్రమ్ములు హీటెక్కి లైనర్లు పట్టవు, వాసన వచ్చేసరికే చాలా ఆలస్యమైపోయి ఉంటాది. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగలతాదని నీకు ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిలే తీసుకోవు, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి తీసుకుంటాయి. దయచేసి ఈ ఒక్క మాట విను తమ్ముడూ.

ప్రశ్న: సార్, మా బావమరిది అమెరికాలో పెద్ద ట్రక్కు నేర్చుకుంటున్నాడు. ఇక్కడ లారీ నడిపినోడే, అయినా అక్కడ గేర్లు పడట్లేదని ఫోన్లో బాధపడుతున్నాడు. ఎందుకని? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అమ్మా, అక్కడ మాన్యువల్ ట్రక్కుల్లో ఎక్కువగా ఉండే ఈటన్ ఫుల్లర్ పది గేర్ల బాక్సుకి సింక్రో ఉండదు, ఆర్పీఎం కలిస్తేనే గేరు పడతాది, అంతే. పైకి వేసేటప్పుడు 1500 దగ్గర న్యూట్రల్ చేసి 1100కి పడేదాకా ఆగాల, దించేటప్పుడు 1100 దగ్గర న్యూట్రల్ చేసి రేస్ ఇచ్చి 1500కి తేవాల. ఆ 400 తేడా చెవికి అలవాటైపోతే తర్వాత మీటర్ చూడాల్సిన పని ఉండదు. అయిదు నుంచి ఆరుకి పోయేటప్పుడు ఇంకా అయిదులో ఉండగానే రేంజ్ లివర్ పైకి లేపి పెట్టుకోమనండి, రాడ్డు మళ్లా మొదటి గేరు చోటుకే వస్తాది. ఇక్కడి అలవాటుతో క్లచ్‌ని అడుగుదాకా తొక్కుతున్నాడేమో అడగండి. వాటిలో అడుగున, గేరుబాక్సు తిరగడం ఆపే క్లచ్ బ్రేకు ఉంటాది, అది బండి నిలబడి ఉన్నప్పుడు ఒకటో గేరో రివర్సో వేసేదానికి మాత్రమే. పోయేటప్పుడు సగం తొక్కితే చాలు. కష్టంగా ఉందని ఆటోమేటిక్ మీద టెస్ట్ ఇచ్చేస్తే లైసెన్స్ మీద ‘ఈ’ అనే రిస్ట్రిక్షన్ పడతాది, మాన్యువల్ ట్రక్కు నడపడానికి కుదరదు, కాబట్టి మాన్యువల్ ఉద్యోగం కావాలంటే ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమనండి.

ప్రశ్న: మా అబ్బోడికి 19 ఏళ్లు, ఏడో తరగతితో మానేసినాడు. లారీ లైసెన్స్ ఇస్తారా? (ఒక పాఠకుడు, పుంగనూరు)

జవాబు: ఇప్పుడే ఇవ్వరన్నా, ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 నిండాల. దానికి ఎల్ఎల్ఆర్ తీసుకోవాలన్నా అంతకుముందు కారు లైసెన్స్ ఉండి ఏడాది అయి ఉండాల, అది లేకుంటే ఈ నెలలోనే అప్లై చేయించండి, ఎంత తొందరగా అది చేతికొస్తే ఆ ఏడాది అంత తొందరగా గడిచిపోతాది. చదువు గురించి బెంగ వద్దు, ఎనిమిదో తరగతి ఉండాలనే రూలు 2019లోనే తీసేసినారు.