ప్లంబర్ రేటులో అత్యవసర నిధి వాటా ఎంత?

ప్రశ్న: మాది మియాపూర్. వయసు 38. పదహారేళ్లుగా ప్లంబింగ్ పని, ఎక్కువగా అపార్ట్‌మెంట్లలో రిపేర్లు, అప్పుడప్పుడు కొత్త ఇళ్లు. రిపేరుకు 500 అడుగుతాను. ‘పది నిమిషాల పనికి అంతా?’ అంటే 300కు దిగిపోతాను. ఆ తేడా సామానులో కలుపుకునేవాణ్ని. ఈమధ్య ఒకావిడ 420 రూపాయల యాంగిల్ కాక్‌కు 600 వేశానని ఫోన్‌లో ధర చూపించి గొడవ పెట్టుకుంది. ఆ అపార్ట్‌మెంట్ పనులన్నీ పోయాయి. మొన్న మెట్ల మీద జారి మణికట్టు బెణికి 18 రోజులు ఇంట్లో ఉన్నాను. అప్పుడు డైలీ ఫైనాన్స్ తీసుకున్నాను, అది కట్టడానికి లోన్ యాప్‌లో ఇంకొంత తీసుకున్నాను. రెండూ కలిపి ఇంకా 18 వేలు ఉంది. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని డ్రైనేజీ క్లీన్ చేసే మెషిన్ కొనాలా, లేక నెలకు వెయ్యి చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టాలా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు.

మీరు అడిగింది మెషిన్ గురించి, సిప్ గురించి. నాకు మాత్రం ఉత్తరంలో ఆ 18 రోజులే కనిపించాయి. ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు కూడా నాకు ఇలాగే రాస్తుంటారు. పని బాగా వచ్చు, రేటు తెలుసు, కానీ చేతిలో నెల ఖర్చు కూడా ఉండదు. అందుకే కస్టమర్ ‘వద్దులే’ అనేలోపే రేటు తగ్గించేస్తారు. బీరువాలో మూడు నెలల ఖర్చు ఉన్న మనిషి 500 అని చెప్పి ఊరుకోగలడు. రేపు కట్టాల్సిన కిస్తీ నెత్తిన ఉన్నవాడు ఊరుకోలేడు.

అసలు మీ రేటు ఎంత ఉండాలో లెక్క వేద్దాం. మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటి ఖర్చు 24 వేలు. పెట్రోలు, ఫోను, బండి సర్వీసు, అరిగిపోయే పనిముట్లు కలిపి 6 వేలు. దీనికి, పని ఆగిపోయే రోజుల కోసం పక్కన పెట్టే అత్యవసర నిధికి 4,500, కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా కోసం 1,500 కలపండి. 36 వేలు. నెలకు 24 రోజుల పని అనుకుంటే రోజుకు 1,500. రోజుకు మూడు పనులైతే ఒక్కోదానికి 500. అంటే మీరు మొదట అడుగుతున్న రేటు కరెక్టే. 300కు దిగిన ప్రతిసారీ మీరు తగ్గించేది లాభం అనుకుంటున్నారు. కాదండీ, ఆ 200లోనే మీ నిధీ, మీ బీమా ఉన్నాయి.

రేటు మీద నిలబడితే పనులు తగ్గుతాయని భయం. తగ్గుతాయి, నిజమే. కానీ రోజుకు రెండే దొరికినా వెయ్యి వస్తుంది. ఇప్పుడు మూడు చేసి 900 తెచ్చుకుంటున్నారు.

ఇక చెప్పే పద్ధతి. నేనూ బేరమాడిన వాణ్నే. మా ఫ్లాట్‌లో బాత్రూం గోడ చెమ్మెక్కితే ఒకతను వచ్చి, టైల్స్ జోలికి పోకుండా ముందు వాల్వులు ఒక్కొక్కటే కట్టేసి గంటసేపు చూశాడు. వేడినీళ్ల లైనులో ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, దగ్గర కారుతోందని తేల్చి ఒక్కటంటే ఒక్క టైల్ పగలగొట్టాడు. ముక్క మార్చడానికి పావుగంట. నేను ఆ పావుగంటే చూసి ‘ఇంతేనా పని’ అన్నాను. మొదటి గంట ఎందుకో అతను చెప్పలేదు, నాకు తట్టలేదు.

కాబట్టి ఇంట్లో అడుగు పెట్టకముందే ఫోన్‌లో చెప్పండి: ‘వచ్చి చూసినందుకు 200. పని నాకే ఇస్తే అది కూలీలో తీసేస్తాను. మామూలు రిపేరుకు కూలీ 500. గోడలో పైపు అయితే చూశాక చెబుతాను. టైల్ పగిలితే కొత్తది మీరే తెచ్చుకోవాలి.’ ఇదే వాట్సాప్‌లో పంపండి. చెప్పిన పని కాక ఇంకోటి బయటపడితే, చెయ్యి పెట్టే ముందే దానికి ఎంతో చెప్పండి.

సామానులో కలపడం మాత్రం ఆపేయండి. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ధరలే. షాపు బిల్లు యథాతథంగా ఇచ్చి, ముప్పావు ఇంచీ ఎల్బో కోసం రెండుసార్లు తిరిగిన శ్రమకు పది శాతం అని విడిగా రాసి తీసుకోండి. అలా రాస్తే దాని మీద గొడవ పెట్టుకునేవాళ్లు తక్కువ. వాళ్లే సామాను తెచ్చుకుంటే మంచిదే, జాయింటుకు మీరు పూచీ, ముక్కకు వాళ్లు. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు ఇలాంటి పనులకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద తేదీ వేసి రాసిచ్చినా చాలు.

అప్పు సంగతి. డైలీ ఫైనాన్స్‌వాళ్లు పదివేలని చెప్పి 8,500 మీ చేతిలో పెట్టారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టమన్నారు. పోయేది 1,500 మాత్రమేగా అనుకున్నారు. రోజూ అసలు తగ్గుతూనే ఉంటుంది కనుక ఏడాది లెక్కన ఆ వడ్డీ దాదాపు 120 శాతం. దాన్ని కట్టడానికి యాప్! అప్పు ఇచ్చే ముందు ఏడాదికి పడే మొత్తం వడ్డీ రేటు రాసిన పత్రం చూపాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. మీరు అది చదివారా? ఇంత జరిగాక లక్షన్నర మళ్లీ అప్పు చేస్తానంటున్నారు. మణికట్టు ఇంకోసారి బెణికితే మెషిన్ మూల పడుకుంటుంది, ఈఎంఐ పడుకోదు.

ఇంట్లో కాస్త బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ 18 వేలు ఒక్కసారే మూసేయండి. నిధి వాటా 4,500లో 3 వేలు ఆ బంగారం అప్పుకు కడితే ఆరేడు నెలల్లో విడిపించుకోవచ్చు. అన్నాళ్లూ మిగిలిన 1,500 నిధిలో పడాల్సిందే, తర్వాత మొత్తం 4,500. లక్ష్యం 72 వేలు, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు. రోజూ వాడే ఖాతాలో ఉంచకండి, వేరే బ్యాంకులో పెట్టి ఆ కార్డు మీ ఇంటావిడకు ఇవ్వండి.

కేంద్ర ప్రభుత్వ పథకాలైన ఏటా 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) రెండూ ఈ వారమే తీసుకోండి. కానీ గుర్తుంచుకోండి, సురక్షా బీమా ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికే ఇస్తుంది. బెణికిన మణికట్టుకు, పోయిన 18 రోజుల కూలికి పైసా రాదు. ఆ ఖాళీని నింపేది మీ 72 వేలే. కొత్త ఇళ్ల పనులు ఏడాదిలో 90 రోజులు దాటితే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోండి. సిప్ తర్వాత చూద్దాం.

మెషిన్ అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దె బిల్లులో విడిగా చూపించండి. ఎన్నిసార్లు తెచ్చారో, ఎంత మిగిలిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 72 వేలు నిండిన నెలలో ఆ లెక్క నాకు పంపండి, కొనాలో వద్దో అప్పుడు చెబుతాను.