స్లాపీ జో: బీఫ్ లేకుండా, కొవ్వు తేలకుండా

సందేహం: మేము అయోవాకు కొత్తగా వచ్చాం. మా అబ్బాయికి ఇంటి నుంచే డబ్బా పంపిస్తాను. బడిలో పక్క పిల్లలు ‘స్లాపీ జో’ (టొమాటో సాస్‌లో ఉడికించిన బీఫ్ కీమా పెట్టిన బన్ను) తింటుంటే చూసి, తనకూ అదే కావాలని పట్టుబట్టాడు. మేము బీఫ్ తినం. పైగా మా వారికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది, కొవ్వు తగ్గించమన్నారు డాక్టర్. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు, ఆవిడ పూర్తి శాకాహారి. అందరూ తినగలిగేలా ఇంట్లోనే తేలికగా చేసే దారి ఉందా? కీమా కూర వండి బన్నులో పెడితే సరిపోతుందా?

జవాబు: దారి ఉందమ్మా. ముందు మీ చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను. కీమా కూర బన్నులో పెడితే రుచిగానే ఉంటుంది, కానీ మీ అబ్బాయి అడిగింది అది కాదు. మొదటి ముద్దకే ‘ఇది కాదమ్మా’ అంటాడు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ధనియాల పొడి ఈ ఒక్క పూటకు అలమరలోనే ఉండనివ్వండి. దీని రుచి పులుపూ తీపీ, కాస్త మిరియాల ఘాటు, బాగా వేగిన మాంసం వాసన. అంతకుమించి ఏమీ లేదు.

మీరు ఉన్నది దీని పుట్టింటి చుట్టుపక్కలే. పొడిపొడిగా వండిన మాంసాన్ని బన్నులో పెట్టి అమ్మడం అయోవాలో పాత అలవాటు. మస్కటీన్ ఊళ్లో 1926లో మొదలైన మెయిడ్‌రైట్ దుకాణాలు నేటికీ అదే అమ్ముతున్నాయి. సూ సిటీలో జో అనే వంటవాడు దానికి టొమాటో సాస్ కలిపాడనీ, అలా ఆ పేరు వచ్చిందనీ చెప్పుకుంటారు. హవానాలోనూ ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లోనూ అదే పేరుతో ఉన్న బార్లు కూడా ఈ ఘనత తమదేనంటాయి. 1969లో మ్యాన్‌విచ్ అనే డబ్బా సాస్ వచ్చాక ఇది ఎన్నో ఇళ్లలో పనిదినాల రాత్రి భోజనమైంది. మాంసం వేయించి డబ్బా ఒంపితే చాలు, వంట అయిపోతుంది. న్యూజెర్సీలో మీ బంధువులెవరైనా ఉంటే మాత్రం ఒక హెచ్చరిక: అక్కడి డెలీలో (శాండ్‌విచ్ దుకాణంలో) స్లాపీ జో అడిగితే, రై రొట్టె మూడు పొరలుగా పేర్చి, మధ్యలో చల్లని మాంసం ముక్కలూ క్యాబేజీ సలాడూ పెట్టి ఇస్తారు. దీనికీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. అందులో బీఫ్, పంది మాంసం రెండూ ఉండవచ్చు కాబట్టి అడిగి తీసుకోమనండి.

ఇక తేలిక సంగతి. ఈ శాండ్‌విచ్‌లో బరువంతా రెండు చోట్ల ఉంటుంది, మాంసంలోని కొవ్వులో, సాస్‌లోని చక్కెరలో. బన్నును తిట్టుకుని లాభం లేదు. మామూలుగా దీనికి వాడే బీఫ్ ‘80/20’ రకం, అంటే నూటికి ఇరవై పాళ్లు కొవ్వు. అది పచ్చిగా నాలుగు ఔన్సులు తూస్తే దాదాపు 290 క్యాలరీలు, 23 గ్రాముల కొవ్వు. అందులో తొమ్మిది గ్రాముల దాకా మీ వారికి పనికిరాని సంతృప్త కొవ్వే. అదే నాలుగు ఔన్సుల టర్కీ కోడి కీమా ‘93/7’ రకమైతే క్యాలరీలు 160, 170 మధ్య, మొత్తం కొవ్వు ఎనిమిది తొమ్మిది గ్రాములు, సంతృప్త కొవ్వు రెండు రెండున్నర గ్రాములు. బీఫ్ తినేవాళ్లు కూడా 93 శాతం లీన్ (కొవ్వు లేని మాంసం) రకం కొంటే ఇంచుమించు ఇంతే మేలు కలుగుతుంది. టర్కీ అనగానే తేలిక అనుకోకండి. తోలుతో సహా రుబ్బిన 85 శాతం రకమూ పక్కనే ఉంటుంది, ధర తక్కువని చెయ్యి అటే పోతుంది. అలాగని 99 శాతం అని రాసిన బ్రెస్ట్ రకం వైపూ పోవద్దు. కొవ్వు బొత్తిగా లేని ఆ మాంసం ఈ వంటలో రబ్బరులా సాగుతుంది. టర్కీ వాసన మీకు నచ్చకపోతే కోడి కీమా వాడండి. హలాల్ దుకాణాల్లో అడిగితే ఎదుటే కొట్టి ఇస్తారు, తోలు తీసి కొట్టమని చెప్పండి.

చక్కెర సంగతికొస్తే, కెచప్ ఒక పెద్ద చెంచాలో దాదాపు నాలుగు గ్రాముల చక్కెర, 160 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. చాలామంది అర కప్పు కెచప్ పోసి, దాని మీద రెండు చెంచాల బ్రౌన్ షుగర్ వేస్తారు. అర కప్పంటే ఎనిమిది పెద్ద చెంచాలు, లెక్క మీరే వేసుకోండి. డబ్బా సాస్ కొనేటప్పుడు వెనక ‘యాడెడ్ షుగర్స్’ అనే వరుస చూడండి, ఎంత చక్కెర విడిగా కలిపారో అక్కడ ఉంటుంది. మనం కెచప్ జోలికే పోవద్దు. ఇక్కడి దుకాణాల్లో టొమాటో సాస్ పేరుతో చిన్న డబ్బాలు దొరుకుతాయి. మన ఊళ్లో పకోడీల పక్కన పోసుకునే తియ్యటి సాస్ కాదది, ఉడికించి వడకట్టిన టొమాటో గుజ్జు. ఉప్పు కలపని రకం కొనండి, ఉప్పు మన చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఆరు బన్నులకు కొలతలు. ఒక పౌను టర్కీ కీమా, ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక క్యాప్సికమ్, ఒక క్యారెట్ తురుము, గుప్పెడు పుట్టగొడుగులు, రెండు వెల్లుల్లి రెబ్బలు. ఎనిమిది ఔన్సుల టొమాటో సాస్ డబ్బా ఒకటి, టొమాటో పేస్ట్ రెండు పెద్ద చెంచాలు, వూస్టర్ సాస్ ఒక పెద్ద చెంచా, యాపిల్ సైడర్ వెనిగర్ ఒక పెద్ద చెంచా, పసుపు రంగు మస్టర్డ్ ఒక చిన్న చెంచా. తీపికి రెండు చిన్న చెంచాల బ్రౌన్ షుగర్. ఇంట్లో బెల్లం ఉంటే అదే తురిమి వేయండి, నా లెక్కలో బెల్లమే మేలు. చిల్లీ పౌడర్ ఒక చిన్న చెంచా, మిరియాల పొడి, ఉప్పు. ఇక్కడ సీసాలో దొరికే చిల్లీ పౌడర్‌లో మిరపతో పాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి. ఆ కొలతకు మన గుంటూరు కారం వేస్తే పిల్లవాడు నీళ్ల గ్లాసు వదలడు. మన కారమే వాడాలంటే పావు చెంచా కారం, అర చెంచా జీలకర్ర పొడి చాలు.

పుట్టగొడుగులను కీమా అంత సన్నగా తరగండి. వేగాక అవి మాంసంలో కలిసిపోయి కనబడవు, నమలడానికి మాత్రం మాంసంలాగే తగులుతాయి. ఒక పౌను మాంసం ఆరుగురికి సరిపోయేది వీటివల్లే. తినే కొలత తగ్గిందన్న సంగతి ఎవరికీ తెలియదు.

టర్కీతో ఉన్న చిక్కల్లా నీరే. చిన్న గిన్నెలో, మంద మంట మీద వేస్తే ఊరిన నీళ్లలోనే ఉడికి, పాలిపోయి, చప్పగా తయారవుతుంది. ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పాటి బాణలి తీసుకోండి. బాగా కాలాక ఒక చెంచా నూనె వేసి, కీమాను పలచగా పరిచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. మనకు కలుపుతూ ఉండటం అలవాటు, ఆ చేతిని ఇక్కడ ఆపుకోవాలి. మొదట బుసబుసమని నీరు ఊరుతుంది. దాన్ని పారబోయకండి, రుచి అందులోనే ఉంది. నీరు ఇగిరిపోయాక చప్పుడు మారుతుంది, బుసబుస పోయి చిటపట మొదలవుతుంది. అడుగున గోధుమ రంగు పొర కట్టడం అప్పుడే. అది పట్టాక అట్లకాడతో విరగ్గొట్టి, తిరగేసి, రెండో వైపూ అలాగే వదలండి. కొవ్వు తగ్గించినప్పుడు పోయిన రుచిని వెనక్కి తెచ్చేది ఈ గోధుమ రంగే. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని సాసులు పోసినా లాభం ఉండదు. పొయ్యి మీది ఫ్యాను ముందే వేసుకోండి. అపార్ట్‌మెంట్లలో పొగ అలారం మన వంట మీదే కన్నేసి ఉంటుంది.

వేగిన మాంసం ఒక పళ్లెంలోకి తీసి, అదే బాణలిలో పుట్టగొడుగులు, ఉల్లిపాయ, క్యాప్సికమ్, క్యారెట్ వేసి చిటికెడు ఉప్పు చల్లండి. కూరగాయల తడికి అడుగున అంటుకున్నదంతా ఊడి వస్తుంది. ఉల్లిపాయ మెత్తబడ్డాక వెల్లుల్లి, టొమాటో పేస్ట్ వేసి, పేస్ట్ రంగు ఎరుపు నుంచి ఇటుక రంగుకు తిరిగేదాకా వేయించండి. ఒకటి రెండు నిమిషాల పనే, కానీ పచ్చి వాసన పోయేది ఇక్కడే. తర్వాత మాంసం, మిగిలినవన్నీ వేసి, పావు కప్పు నీళ్లు పోసి, సన్న మంట మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. వెనిగర్‌లో సగం చివర్లో కలిపితే పులుపు తాజాగా ఉంటుంది. అట్లకాడతో బాణలి మధ్యలో గీత గీయండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా పలచగా ఉందని అర్థం, ఒక్క క్షణం నిలిచి మెల్లగా మూసుకుంటే దించేయవచ్చు. కాస్త కారాలి, లేకపోతే అది స్లాపీ జోనే కాదు. అలాగని మోచేతి దాకా కారకూడదు. రంగు చూసి టర్కీ ఉడికిందని నిర్ణయించకండి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క, పక్షుల కీమాకు 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్. కీమాను ఒక పక్కకు కుప్పగా చేర్చి థర్మామీటర్ గుచ్చితే తెలుస్తుంది.

మీరు 85 శాతం రకమే కొన్నారనుకోండి, తేలిన కొవ్వును సింకులో పోయవద్దు. చల్లారగానే గొట్టంలో గడ్డకడుతుంది. ఖాళీ టొమాటో డబ్బాలో వంచి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి.

బన్ను ఉత్తగా పెడితే రెండు నిమిషాల్లో నానిపోతుంది. కోసిన వైపు పొడి పెనం మీద ఎర్రగా కాల్చండి. గోధుమ రంగు చూసి మోసపోకుండా, దినుసుల్లో మొదటి పేరు హోల్ వీట్ పిండి ఉన్నదే కొనండి. పైన సన్నగా తరిగి వెనిగర్, మిరియాలు చల్లిన క్యాబేజీ పెడితే కరకరలాడుతుంది, మయోనీజ్ అక్కర్లేదు. చిప్స్ పొట్లం బదులు పక్కన ఉడికించిన మొక్కజొన్న పెట్టండి, అయోవాలో దానికి కొదవ లేదు. ఇలా చేస్తే బన్నుతో కలిపి ఒక్కొక్కటి 300 క్యాలరీలకు అటూ ఇటూ ఉంటుంది. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. మర్నాడు దోసె మీద పరిచి మడిచినా బాగుంటుంది. అప్పుడు కావాలంటే కొత్తిమీర, పచ్చిమిర్చి వేసుకోండి, మీ ఇష్టం.

అబ్బాయి ఎప్పుడైనా బడిలోనే తింటానంటే, నెలవారీ మెనూ చూసి ఊరుకోకుండా బడి భోజన విభాగానికి ఒక ఫోను చేయండి. కొన్నిచోట్ల బీఫ్‌తో, కొన్నిచోట్ల టర్కీతో చేస్తారు, మెనూలో పేరొక్కటే ఉంటుంది. అడిగితే ఏమీ అనుకోరు.

ఇక అత్తగారి విషయం. మాంసం బదులు పొట్టు తీయని మసూర్ వాడండి, ఇక్కడ బ్రౌన్ లెంటిల్స్ అంటారు. కందిపప్పు, పొట్టు తీసిన ఎర్ర మసూర్ వద్దు, పప్పు కూరగా మారిపోతాయి. ఒక కప్పు గింజలను మూత లేని గిన్నెలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడికించండి. వేలితో నొక్కితే మెదగాలి, పైకి చూస్తే గింజ గింజగా ఉండాలి. కుక్కర్ వద్దు, ఒక్క కూత ఎక్కువైనా మెత్తగా అయిపోతుంది. మీల్ మేకర్ గుళికలైతే వేడి నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, కూరగాయల కంటే ముందు వేయించండి. మిగతా పద్ధతంతా ఒకటే. ఒకే రోజు రెండూ చేసేటట్లయితే ముందు ఆవిడ బాణలి పూర్తిచేసి, తర్వాత మాంసం వేరే బాణలిలో మొదలుపెట్టండి. అట్లకాడ కూడా వేరుగా ఉంచండి.

ఆవిడ వంటలో వూస్టర్ సాస్ మాత్రం వేయవద్దు. మామూలు రకాల్లో ఆంచోవీ అనే చిన్న చేప ఉంటుంది. శాకాహారులకు విడిగా చేసిన సీసాలు కొన్ని దుకాణాల్లో ఉంటాయి గానీ, మన ఇంట్లో వాటి కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఆ సాస్ పులుపులో చింతపండు కూడా ఉంటుంది, అది మన డబ్బాలో ఎలాగూ ఉంది. అర చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, అర చెంచా సోయా సాస్, చిటికెడు బెల్లం కలిపితే సరిపోతుంది. ఆవిడ గుడ్డు కూడా తినరంటే బన్ను పొట్లం తిప్పి చూడండి. గుడ్డు, పాలు, చేప వంటివి ఉంటే పొట్లం మీద తప్పకుండా చెప్పాలని ఇక్కడ చట్టం ఉంది, చాలా వరకు దినుసుల కింద ‘కంటెయిన్స్’ అనే వరుసలో రాస్తారు. మెరుస్తూ మెత్తగా ఉండే బ్రియోష్ బన్నుల్లో గుడ్డు ఉంటుంది, అవి మీ అబ్బాయికి తీసి ఉంచి ఆవిడకు మామూలు హాంబర్గర్ బన్ను కొనండి.