పెళ్లి అన్నం తిన్న గేదె నెమరు మానేసింది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. గ్రేడెడ్ ముర్రా గేదె, ఈని మూడు నెలలైంది. మొన్న రాత్రి పెళ్లివారింట్లో మిగిలిన అన్నం రెండు బకెట్లు కుడితిలో కలిపి పెట్టాం. నిన్నటి నుంచి దాణా, గడ్డి ముట్టడం లేదు. నెమరు లేదు. పేడ పల్చగా, పుల్లటి వాసనతో పడుతోంది. పాలు సగానికి పైగా తగ్గాయి. పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి పట్టమంటున్నారు. పట్టవచ్చా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మజ్జిగ పట్టకండి. అన్నంలోని పిండి పెద్దపొట్టలో చాలా త్వరగా పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకి చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగిపోతుంది. ఇది ఆమ్ల అజీర్ణం. దానిమీద మజ్జిగ, చింతపండు, బెల్లం పోస్తే పులుపు ఇంకా పెరుగుతుంది. కోతల రోజుల్లో కళ్లంలో ధాన్యం మేసిన పశువుకు వచ్చేదీ ఇదే జబ్బు.

ముందు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న గేదెలో ఆ వ్యవధిలో రెండు మూడుసార్లు పొట్ట పిడికిలిని పైకి నెడుతుంది. మీ గేదెలో ఆ కదలిక ఉండకపోవచ్చు. గట్టిగా నొక్కి వదిలితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంది. అలాకాకుండా పిండి ముద్దలా గుంట పడి నిలిచిపోతే అది ఎండుగడ్డి గట్టిపడిన అజీర్ణం, దాని వైద్యం వేరు.

డొక్క డోలులా బిగిసి లేకపోతే వంట సోడా 100–150 గ్రాములు రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి పట్టండి. పది పన్నెండు గంటల తర్వాత ఇందులో సగం మరోసారి. డొక్క బిగిసి ఉంటే మాత్రం సోడా వద్దు. అది ఆమ్లంతో కలిసి గ్యాస్ పుట్టిస్తుంది, ఉబ్బరం ముదురుతుంది. పట్టేటప్పుడు తల నేలకు సమంగా ఉంచాలి, నాలుక లాగకూడదు, దగ్గు వస్తే వెంటనే ఆపాలి. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాతో చనిపోయే పశువులు తక్కువేమీ కాదు.

దాణా, తవుడు, కుడితి రెండు రోజులు పూర్తిగా ఆపండి. మంచి ఎండు వరిగడ్డి ముందు వేసి వదిలేయండి. తొట్టినిండా నీళ్లు ఒకేసారి పెట్టకుండా నాలుగైదు లీటర్ల చొప్పున ఇవ్వండి. నెమరు మొదలయ్యాక దాణా కిలోతో ప్రారంభించి రోజుకు అరకిలో చొప్పున పెంచండి.

ఇంటి వైద్యంతో కాలయాపన పనికిరాదు. పశువు తూలుతున్నా, లేవలేకపోతున్నా, కళ్లు లోపలికి పోయినా, చెవులు చల్లబడినా ఆమ్లం రక్తంలోకి చేరినట్టే. అప్పుడు నరంలోకి సోడా బైకార్బొనేట్, సెలైన్ ఎక్కించాలి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, లేదా సంచార పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. మీరు చెప్పిన లక్షణాలు ఇప్పటికే ఒక రోజు దాటాయి కాబట్టి సోడా పట్టినా సరే, ఈ రోజే డాక్టరుకు చూపించడం మంచిది. పొట్టలోని ద్రవాన్ని పీహెచ్ కాగితంతో (పులుపును రంగుతో చూపే కాగితం) పరీక్షిస్తే పులుపు ఎంతో అక్కడికక్కడే తెలుస్తుంది. సూక్ష్మజీవులు బాగా చచ్చిపోయి ఉంటే ఆరోగ్యమైన పశువు పెద్దపొట్ట ద్రవం మూడు నుంచి ఐదు లీటర్లు గొట్టంతో పోస్తారు.

కోలుకున్నాక రెండు మూడు వారాలు గిట్టలను గమనించండి. ఆమ్లం ఎక్కువైన పశువుల్లో గిట్టలు వాచి కుంటు రావచ్చు. మిగిలిన అన్నం పారేయలేకపోతే రెండు మూడు దోసిళ్లకు మించకుండా, ముందు ఎండుగడ్డి తినిపించిన తర్వాతే పెట్టండి.