పాత పట్టు కర్టెన్‌ని నీళ్లలో ముంచే ముందు

విక్టోరియా రాణి కాలం నాటి ఎంబ్రాయిడరీ పట్టు కర్టెన్ కొన్నాను, ఇంట్లో ఉతకొచ్చా అని అడిగారు. వద్దండి బాబూ. మా అమ్మా నేనూ ఉతికాం.

ఇంగ్లండులో ఉన్నప్పుడు వేలంలో ఒక తెర కొన్నాను. చలిగాలి రాకుండా అప్పట్లో గది తలుపులకూ ఇలాంటివి కట్టేవాళ్లు. గులాబీ రంగు పట్టు మీద దానిమ్మకాయలు, తీగలు. అమ్మ వాసన చూసి, "అబ్బ, ఏం కంపే! పట్టే కదా, కుంకుడు రసంలో జాడిస్తే సరి" అంది. సూట్‌కేసులో కుంకుడుకాయలు తెచ్చుకుంది మరి. టబ్బులో వేసిన ఐదు నిమిషాలకే నీళ్లు డికాషన్‌లా అయ్యాయి. చెరో కొసా పట్టుకుని ఎత్తాం. మడతల వెంట నిలువునా చీలింది, చప్పుడైనా లేదు. కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ అరచేతిలో ఒక దానిమ్మకాయ మిగిలింది. "నా పెళ్లి చీరకి నలభై ఏళ్లు, ఇలా అయిందా? నిన్నెవరో మోసం చేశారే" అంది.

మోసం నిజమే, కానీ నూట పాతికేళ్ల కిందటిది. పట్టు దారం మీది జిగురు ఉడకబెట్టి తీస్తే పావు వంతు బరువు పోతుంది. అమ్మేదేమో తూకానికి. అందుకని 19వ శతాబ్దం చివర్లో తగరం లవణాలు పట్టించి ఆ బరువు రాబట్టుకునేవాళ్లు. నల్ల పట్టుకైతే ఇనుము. కొత్తలో బరువుగా, గరగరలాడుతూ బాగుంటుంది. పోనుపోను పెళుసెక్కుతుంది. ఎండ, గ్యాస్ దీపాలు అని అందరూ వాటి మీదకు నెడతారు గానీ, నన్నడిగితే అసలు దొంగ తక్కెడే.

అందరూ అలాంటివాళ్లని కాదు. ఇంగ్లండులోనే లీక్ అనే ఊళ్లో థామస్ వార్డిల్ అనే అద్దకం వ్యాపారి మన దేశపు దసలి (టస్సర్) పట్టుకు రంగులు పట్టించి 1878 పారిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. రంగు ఓ పట్టాన అంటని పట్టు అది. మరుసటేడు ఆయన భార్య ఎలిజబెత్ పెట్టిన సంఘంలో ఆడవాళ్లు దసలి మీద అచ్చేసిన బొమ్మ వెంటే సూది నడిపేవాళ్లు. అన్నట్టు, నా తెర చీటీ మీద "మోరిస్ తరహా" అని ఉంది. ఏ మోరిస్? పూలు, తీగల డిజైన్లకు పేరుపడ్డ విలియం మోరిస్ కంపెనీలో 1885 నుంచి ఎంబ్రాయిడరీ పని నడిపింది ఆయన కూతురు మే, అప్పటికి 23 ఏళ్లు. చీటీ రాసేవాళ్లకు నాన్న ఒక్కడే గుర్తుంటాడు.

మీది మాత్రం ముందు కడ్డీ మీంచి దించండి, వేలాడితే తన బరువుకే చీలుతుంది. మడత పెట్టొద్దు, లావుపాటి గొట్టానికి చుట్టండి. దుమ్ముంటే పైన సన్నటి నెట్ పరిచి, వాక్యూమ్ క్లీనర్ జోరు బాగా తగ్గించి పెట్టండి. కుంకుడుకాయలు తలకే వాడండి.