ఫోటోను పెయింటింగ్‌లా మార్చే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: మాది కాకినాడ. ట్యూషన్లు చెబుతూ నెలకు తొమ్మిది వేల దాకా సంపాదిస్తున్నాను. బంధువుల ఫోటోలను ఫోన్‌లోనే పెయింటింగ్‌లా మార్చి, ఫ్రేమ్ కట్టించి ఇస్తే అందరికీ నచ్చాయి. డబ్బిస్తాం, చేసిపెట్టమని ముగ్గురు అడిగారు. నేను దాచుకున్నది 20 వేలు. సాఫ్ట్‌వేర్‌కు సబ్‌స్క్రిప్షన్ తీసుకోమని ఒకరు, క్రాక్ వెర్షన్ వేసిస్తానని మా తమ్ముడు, ఈఎంఐలో కొత్త లాప్‌టాప్ కొందామని మావారు అంటున్నారు. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. ఇప్పుడే నేర్చుకుంటున్నాను. ఏది కొనమంటారు?

జవాబు: ఇప్పుడు ఏదీ కొనకండి. అడిగి మరీ చేయించుకునేవాళ్లు ముగ్గురు దొరకడం మంచి మొదలు. అందుకే మీ 20 వేలు జాగ్రత్తగా వాడాలంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. సబ్‌స్క్రిప్షన్ నెలకు 800 అనుకుంటే ఏడాదికి 9,600. ప్రింటు, ఫ్రేము ఖర్చులు పోను ఒక్కోదాని మీద మీకు 150 మిగిలితే, 64 ఫ్రేములు అమ్మేదాకా మీరు పనిచేసేది సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసమే. మధ్యలో మానేద్దామన్నా అంత సులువు కాదు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీలో ఏడాది ప్లాన్ తీసుకుని నెలనెలా కట్టే పద్ధతి ఉంది. 14 రోజులు దాటాక ఆపేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టించుకుంటారు. నాలుగు నెలలకు ఆపారనుకోండి, మిగిలిన ఎనిమిది నెలల 6,400లో 3,200 ఊరికే పోతాయి. ఈ రుసుము సంగతి సరిగా చెప్పడం లేదంటూ అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో ఆ కంపెనీ మీద కేసు కూడా వేసింది.

పైగా సబ్‌స్క్రిప్షన్ డబ్బు ఖాతా నుంచి దానంతటదే కట్ అవుతుంటుంది. 15 వేల లోపు ఇలాంటి ఆటో డెబిట్‌లకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. వస్తుంది కూడా. కానీ ప్రకటనల మెసేజ్‌ల మధ్య దాన్ని చూసేదెవరు?

మీ అవసరానికి గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. పూర్తిగా ఉచితం, అమ్మకానికి చేసే పనికీ వాడుకోవచ్చు. ఫిల్టర్స్ మెనూలో ఆర్టిస్టిక్ అనే విభాగం ఉంటుంది. ఫోటోను ఆయిల్ పెయింటింగ్‌లా మార్చే ఆయిలిఫై, కార్టూన్, కాన్వాస్ లాంటి ఫిల్టర్లన్నీ అక్కడే. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో చాలా ఫిల్టర్లను వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. కొత్తవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. అవి చాలకపోతే గింప్‌కు అదనంగా జోడించే జీమిక్ అనే ఉచిత ప్లగిన్ కలుపుకోండి, వందల ఎఫెక్టులు వస్తాయి.

ఒక్క పద్ధతి మాత్రం ఓపికగా నేర్చుకోండి. ఫోటో లేయర్‌ను, అంటే పొరను, కాపీ చేసి, పై కాపీకి ఆయిలిఫై వేయండి. దానికి లేయర్ మాస్క్ (పై పొరలో కావలసిన చోట దాచే ముసుగు) పెట్టి కళ్లు, పెదవుల దగ్గర నల్ల బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. కింది అసలు ఫోటో అక్కడ కనిపిస్తుంది. చీర, జుట్టు, వెనుక గోడ రంగులద్దినట్టు మారతాయి, మొహం మాత్రం అమ్మమ్మదే అని గుర్తుపట్టేలా ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఒక్క నొక్కుతో వచ్చే బొమ్మకూ మీరు చేసి ఇచ్చేదానికీ తేడా ఇదే. జనం డబ్బిచ్చేది దీనికే.

గింప్ మొదట్లో గజిబిజిగా అనిపిస్తే బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫోటోపియా చూడండి. ప్రకటనలు కనిపిస్తాయి, కానీ ఫోటో మీ కంప్యూటర్ దాటి పోదు. ఇతరుల ఇంటి ఫోటోలు మీ చేతిలో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. చేత్తో బ్రష్ గీతలు వేయాలనిపిస్తే క్రిటా ఉంది, అదీ ఉచితమే. ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను 2025 అక్టోబరు చివర నుంచి కాన్వా ఖాతా ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తున్నారు. ఏఐ పనిముట్లకే విడిగా కట్టాలి. ఫోటోషాప్ ఎలిమెంట్స్ కొత్తవాళ్లకు అడుగడుగునా దారి చూపిస్తుంది, నాకూ నచ్చుతుంది. అయితే 2025 వెర్షన్ నుంచి దాని లైసెన్సు మూడేళ్లకే. ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అనుకుని తీసుకోకండి.

తమ్ముడు ప్రేమతోనే అంటున్నాడు, కానీ క్రాక్ వద్దు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. నా అసలు భయం వేరే. అలాంటి ఫైళ్లతో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములూ వస్తుంటాయి. అదే లాప్‌టాప్‌లో మీరు నెట్ బ్యాంకింగ్ తెరిస్తే 20 వేలకూ ముప్పే.

మరి దేనికి ఖర్చు పెట్టాలి? రెండు వేలు నమూనా ప్రింట్లకు పెట్టండి. ఒకటి మామూలు ఫోటో పేపర్ మీద, ఒకటి కాన్వాస్ మీద. చేత్తో పట్టుకుని చూస్తేనే ఆర్డర్లు వస్తాయి. 8x12 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే 2400x3600 పిక్సెల్స్ ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. ప్రింటు చెడి మళ్లీ వేయిస్తే ఆ ఫ్రేము మీద లాభమంతా పోతుంది. సగం అడ్వాన్సు తీసుకోండి, బంధువులైనా సరే.

మిగిలిన 18 వేలు కదపకండి. మీ చేతిలో ఉన్న సొంత డబ్బు అదొక్కటే. ప్రతి ఫ్రేము లాభంలోంచి 50 రూపాయలు విడిగా వేస్తూ రండి. మూడు నెలల తర్వాత ఫలానా పని గింప్‌లో కావడం లేదు, అందుకే ఆర్డర్ వదులుకున్నాను అని పేరు పెట్టి చెప్పగలిగితే, అప్పుడు ఆ డబ్బుతో కొనండి.

లాప్‌టాప్ ఈఎంఐకి ఇప్పుడు తొందర లేదు. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడుతుంటాయి. ఈ పనికి 8 జీబీ సరిపోతుంది. మరీ నెమ్మదిస్తే హార్డ్ డిస్క్ తీసేసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించండి. ఆ పని తమ్ముడికి అప్పగించవచ్చు.